పడవ ఎందుకు ఆగింది?

పిల్లలూ! మీ ఇంట్లో టీ వడగట్టే జాలీ ఉన్నది కదా? దాన్ని సరిగా కడగకుండా నాలుగు రోజులు వాడితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. పోసిన టీ పోసినట్టే జాలీలో నిలిచిపోతుంది. కింద గ్లాసులోకి చుక్క, చుక్క, చుక్క! అమ్మ విసుక్కుని, జాలీని కుళాయి కింద పెట్టి బోర్లించి కడుగుతుంది. మళ్ళీ టీ ధారగా దిగుతుంది.

సరిగ్గా ఇటువంటి జాలీయే, మీ బొటనవేలంత కూడా లేనిది, ఒకనాడు నడిచెరువులో మా పడవను ఆపేసింది. ఆ కథ మీకు చెబుతాను. కథలోనే కాస్త శాస్త్రం కూడా ఉన్నది.

మా సికింద్రాబాదుకు సముద్రం ఎంతో దూరం. అయినా మా ఊరి పిల్లలకు పడవలు కొత్త కాదు. సికందర్ జా పేర సికింద్రాబాదుకు ఆ పేరు 1806లో వచ్చింది. అంతకు రెండు వందల సంవత్సరాలకు పైగా ముందే, కుతుబ్ షాహీల కాలంలో, 1562 ప్రాంతాన హుస్సేన్‌సాగర్ తవ్వించారు. ఆ చెరువుకు ఒకవైపు హైదరాబాదు, ఇంకొకవైపు సికింద్రాబాదు. చెరువు మధ్యన నిలబడి ఉన్న బుద్ధ విగ్రహాన్ని 1990లో పడవ మీద తీసుకుపోతూ ఉంటే అది నీటిలో పడిపోయింది. 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఈ నీటి మీద తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. సైన్యంవారి ఈ.ఎం.ఇ. సైలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు ఇక్కడ ఉన్నాయి. పదేళ్ళ పిల్లలు కూడా ‘ఆప్టిమిస్ట్’ అనే చిన్న పడవలో ఒక్కరే కూర్చుని తెరచాప తిప్పుకుంటూ పోతారు. ఆ పడవ పొడుగు రెండున్నర మీటర్లు కూడా ఉండదు.

తెరచాప పడవ గాలికి నడుస్తుంది. గాలి ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడిపోతుందో మన చేతిలో లేదు. అందుచేత పిల్లల పడవలు నీటి మీద ఉన్నంతసేపూ దగ్గరలో ఒక మోటారు పడవ కాపలా ఉండాలి. ఎవరైనా బోల్తాపడితే అది వెంటనే పోయి అందుకోవాలి. అటువంటి పడవ మోటారు సమయానికి మొరాయిస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

చిన్న పడవలకు సాధారణంగా వాడే మోటారును ‘ఔట్‌బోర్డ్ మోటారు’ అంటారు. ఇది పడవ లోపల ఉండదు. పడవ వెనక చెక్కకు బయటివైపు వేలాడుతుంది. పైన ఇంజను, మధ్యన పొడుగాటి గొట్టం, నీటిలో మునిగి ఉండేచోట పంకా. ఇంజను తిరిగితే పంకా తిరిగి నీటిని వెనక్కు నెడుతుంది. నీరు వెనక్కు పోతే పడవ ముందుకు పోతుంది. మరలు వదులు చేస్తే మోటారును మొత్తంగా ఊడదీసి ఇంటికి మోసుకుపోవచ్చు.

ఇటువంటి మోటారును జనం అందరూ కొనుక్కునేటట్టు చేసినవాడు ఓల్ ఎవిన్‌రూడ్. ఆయన 1877లో నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరాడు. ఆయన గురించి ఒక ముచ్చట చెబుతారు. ఎండాకాలంలో ఒకనాడు, తాను పెళ్ళాడబోయే అమ్మాయికి ఐస్‌క్రీం తినాలని కోరిక కలిగింది. ఓల్ తెడ్లు వేసుకుంటూ సరస్సు దాటి వెళ్ళి తెచ్చాడు. తిరిగి వచ్చేసరికి ఐస్‌క్రీం కాస్తా నీరైపోయింది! పడవకు ఒక చిన్న మోటారు ఉంటే ఎంత బాగుండునని ఆయనకు అప్పుడు తోచిందట. ముచ్చట మాట ఎట్లా ఉన్నా, 1909లో ఆయన మోటార్లు చేసి అమ్మటం ప్రారంభించాడు. 1911లో పేటెంటు వచ్చింది. పడవ మోటార్లు ఆయనకు ముందు కూడా కొందరు చేశారు. కాని వాటిని ఇంటింటి వస్తువుగా చేసిన కీర్తి ఆయనదే.

ఇక మా కథకు వస్తాను. నాకొక పాత మిత్రుడు ఉన్నాడు. సైన్యంలో యంత్రాల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆయన దగ్గర ‘బ్రిటిష్ సీగల్’ అనే ఇంగ్లీషు మోటారు ఒకటి ఉన్నది. ఇప్పుడు ఆ మోటార్లు తయారుకావటం లేదు. 1996తోనే ఆగిపోయింది. ఇంజను పైన మెరిసే ఇత్తడి టాంకు, చక్రానికి తాడు చుట్టి లాగితే గుర్రుమని లేచే ఇంజను, చూడ ముచ్చటగా ఉంటుంది. రెండేళ్ళుగా అది షెడ్డులోనే ఉండిపోయింది. వర్షాకాలం చివర ఒక ఆదివారం నాడు, ఆయన దాన్ని బయటికి తీసి, “మాస్టారూ, మీ మనవణ్ణి కూడా తీసుకురండి. చెరువు మీద తిరిగివద్దాం,” అన్నాడు. మా మనవడు ఆరో తరగతి. వాడి సంతోషం చెప్పనలవి కాదు.

ఊరి బయట పెద్ద చెరువుకు పోయాం. చెరువు నిండి ఒక కొసన మత్తడి దూకుతున్నది. మత్తడి అంటే తెలుసుగా? నిండిన చెరువులో ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు. దాన్నే అలుగు అని కూడా అంటారు. ముగ్గురం ప్రాణరక్షణ చొక్కాలు తొడుక్కున్నాం. టాంకులో పెట్రోలు తక్కువగా ఉంటే, డబ్బాలో ఉన్నది నేనే పోశాను. మోటారు రెండో లాగుకే లేచింది.

ఒడ్డు పక్కన నెమ్మదిగా పోయినంతసేపూ అంతా బాగానే ఉన్నది. చెరువు మధ్యకు వచ్చాక, మా మిత్రుడు వేగం పెంచాడు. ఒక నిమిషం గడిచింది. మోటారు దగ్గినట్టు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాలుగైదు నిమిషాల తరవాత తాడు లాగితే మళ్ళీ లేచింది. వేగం పెంచగానే మళ్ళీ ఆగింది!

ఈలోగా గాలి లేచింది. చూస్తూండగా పడవ మెల్లగా మత్తడివైపు జరుగుతున్నది. నీరు దూకే చప్పుడు స్పష్టంగా వినిపిస్తున్నది. నాకు గుండె ఝల్లుమన్నది. మా మిత్రుడు మాత్రం మోటారును ముట్టుకోనుకూడా లేదు. “ముందు తెడ్లు! మోటారు సంగతి ఒడ్డున చూసుకుందాం,” అన్నాడు. ఆయనా నేనూ చెరొక తెడ్డూ వేశాం. మా మనవడు కదలకుండా పడవ మధ్యన కూర్చున్నాడు. ఒడ్డు చేరేసరికి ఇద్దరికీ చేతులు పడిపోయాయి.

పిల్లలూ, ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. మోటారు ఉన్నదిగదా అని మేము తెడ్లు ఒడ్డున వదిలివెళ్ళి ఉంటే, ఇవాళ మీకు ఈ కథ చెప్పటానికి నేను ఉండేవాణ్ణో లేదో!

మర్నాడు మోటారును మా మిత్రుడి పెరట్లో ఒక చెక్కకు బిగించాం. “విప్పటానికి ముందు ఆలోచించాలి. నిన్న ఏం జరిగిందో నువ్వు చూశావు కదా, నాయనా! ఎందుకు ఆగిందో చెప్పు చూద్దాం,” అని ఆయన మా మనవణ్ణి అడిగాడు.

“పెట్రోలు అయిపోయింది, తాతగారూ,” అన్నాడు వాడు. టాంకు మూత తీసి చూశాం. సగం పైన ఉన్నది.

“అయితే ప్లగ్గు పాడైంది,” అన్నాడు వాడు. ప్లగ్గు అంటే ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేది.

“కావచ్చు. కాని ప్లగ్గు పాడైతే మెల్లగా పోయేటప్పుడు బాగా నడిచి, వేగం పెంచినప్పుడల్లా ఒకే తీరున ఎందుకు ఆగుతుంది? కాసేపు ఊరుకోగానే మళ్ళీ ఎందుకు లేస్తుంది?” అన్నాడు ఆయన.

వాడు తల గోక్కున్నాడు. మీకేమైనా తోచిందా?

మీ ఇంట్లో నల్లా సన్నగా వస్తున్నదనుకోండి. కింద బకెట్టు ఉన్నది. చెంబుతో నెమ్మదిగా తీసుకుంటూ ఉంటే బకెట్టులో నీరు ఎప్పుడూ ఉంటుంది. గబగబా తోడితే బకెట్టు ఖాళీ అవుతుంది. కాసేపు ఆగితే మళ్ళీ నిండుతుంది. మోటారులో ఆ బకెట్టు వంటిది కార్బురేటరు గిన్నె. టాంకులోనుంచి పెట్రోలు ముందు ఈ చిన్న గిన్నెలోకి దిగుతుంది. అక్కడనుంచి జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి లేచి, గాలితో కలిసి ఇంజనులోకి పోతుంది. ఒక పాలు పెట్రోలు చక్కగా మండాలంటే, బరువులో దానికి సుమారు పదిహేను పాళ్ళ గాలి కావాలి.

అంటే గిన్నె ఖాళీ అయినంత త్వరగా నిండటం లేదన్నమాట. టాంకుకూ గిన్నెకూ మధ్యన ఎక్కడో అడ్డు ఉన్నది. విప్పకుండానే సగం రహస్యం తెలిసిపోయింది!

అడ్డుకు రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది మూతలో ఉండే గాలి రంధ్రం. మీరు నూనె డబ్బాకు ఒకటే చిల్లి పొడిచి వంచి చూడండి. నూనె బుడుక్ బుడుక్‌మంటూ ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లి పొడిస్తే ధార కడుతుంది. కిందికి దిగిన నూనె చోటులోకి గాలి పోవాలి. గాలి పోకపోతే నూనె దిగదు. ఈ మోటారులో పంపు లేదు. పైన ఉన్న టాంకులోనుంచి పెట్రోలు తన బరువుకు తానే దిగాలి. కనక మూత మీది గాలి మర తెరిచి ఉండాలి. ఆ మర బిగించి మరిచిపోయి, గంటలకొద్దీ మోటారు విప్పుకుంటూ కూర్చున్నవాళ్ళు ఎందరో!

మా మిత్రుడు కార్బురేటరు దగ్గర రబ్బరు గొట్టం తీసి, కింద గాజు సీసా పెట్టి, పెట్రోలు కాక్ తిప్పాడు. ధార పడలేదు. చుక్క, చుక్క, చుక్క! మూత మొత్తం తీసేశాడు. అయినా చుక్కలే. గాలి రంధ్రం నిర్దోషి అని తేలింది. ఇక మిగిలింది రెండోది. కాక్ పైన, టాంకు లోపల నిలబడి ఉండే జాలీ.

ఆ పని ఎట్లా చేశాడో చెబుతాను. కాని మీరు చూడటానికే తప్ప చేయటానికి కాదు. పెట్రోలు పని పెద్దవాళ్ళే చేయాలి. పెట్రోలు ఆవిరి కంటికి కనపడదు. గాలికన్న మూడు నాలుగు రెట్లు బరువు కనక నేలబారున పాకుతూ పోతుంది. దూరాన ఉన్న పొయ్యిని, అగరువత్తిని, స్విచ్చిలో పుట్టే నిప్పురవ్వను అందుకుని భగ్గుమంటుంది. అందుచేత మా మిత్రుడు గదిలో కాక ఆరుబయట పనిచేశాడు. ఇంజను పూర్తిగా చల్లారి ఉన్నది. పక్కనే బకెట్టుతో ఇసుక పెట్టుకున్నాడు. మా మనవణ్ణి నాలుగు గజాల దూరాన నిలబెట్టాడు.

మొదట టాంకులోని పెట్రోలంతా ఒక డబ్బాలోకి దింపాడు. సరిపోయిన స్పానరు పెట్టి, కాక్‌ను టాంకు అడుగునుంచి విప్పాడు. కాక్‌తోపాటే జాలీ కూడా బయటికి వచ్చింది. సన్నని ఇత్తడి తీగలతో అల్లిన చిన్న గొట్టం అది. ఇత్తడి రంగు ఎక్కడా లేదు! బెల్లం పాకం పూసినట్టు గోధుమరంగు జిగురు. దాని మీద ఎర్రటి రేణువులు. “చూశారా, మాస్టారూ, కచరా!” అన్నాడు ఆయన. మా ఊరి మెకానికులు దీన్ని ఆ మాటతోనే పిలుస్తారు.

జాలీని కొంచెం తాజా పెట్రోలులో నానవేశాడు. తరవాత మెత్తని కుంచెతో తుడిచాడు. సూదితో పొడవలేదు, ఇనుప బ్రష్షుతో రుద్దలేదు. అట్లా చేస్తే తీగలు తెగి కన్నం పెద్దదవుతుంది. ఆ కన్నంలోనుంచి కచరా దూరిపోయి జెట్‌లో ఇరుక్కుంటుంది. సైకిలు పంపుతో లోపలినుంచి బయటికి గాలి కొట్టాడు. ఎందుకు? పెట్రోలు బయటినుంచి లోపలికి పోతూ కచరాను జాలీ బయటి ముఖాన అంటించింది. వచ్చిన దారినే దాన్ని వెనక్కు తోలాలి. అమ్మ టీ జాలీని బోర్లించి కడిగింది కూడా ఇందుకే!

చివరకు జాలీని ఆకాశంవైపు పట్టి చూశాడు. ప్రతి కన్నంలోనూ వెలుగు కనిపించింది. “ఇప్పుడు శుభ్రమైంది,” అన్నాడు.

పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. “కచరాను పట్టుకోవటం జాలీ పని. అది తన పని తాను చేసింది. కచరా ఎక్కడనుంచి వచ్చిందో కనుక్కోవటం మన పని,” అన్నాడు మా మిత్రుడు.

దింపిన పెట్రోలును సీసాలో పోసి ఎండకు తగలనీయకుండా నీడలో పెట్టాం. కాసేపటికి సీసా అడుగున ఎర్రటి మడ్డి చేరింది. ఒక మూల బఠాణీ గింజంత నీటి బొట్టు వేరుగా మెరుస్తూ కూర్చున్నది. పెట్రోలూ నీరూ కలవవు. లీటరు నీరు కిలో బరువైతే, లీటరు పెట్రోలు సుమారు ముప్పాతిక కిలోయే ఉంటుంది. అందువల్ల నీరు అడుక్కు దిగుతుంది.

దొంగలు ముగ్గురని తేలింది: జిగురు, నీరు, ఎర్రమడ్డి.

జిగురు సంగతి మా మిత్రుడే ఒప్పుకున్నాడు. “రెండేళ్ళ కిందట టాంకులో పెట్రోలు వదిలేశాను. తేలికభాగం ఆవిరైపోయింది. మిగిలింది గాలి తగిలి జిగురైంది. తప్పు నాదే,” అన్నాడు. నీరు గాలిలోని తేమనుంచి వచ్చింది. సగం ఖాళీగా ఉన్న టాంకులోకి తేమగాలి పోతుంది. రాత్రి చల్లబడగానే గోడలకు మంచుబొట్లు పడతాయి. పైగా ఈనాడు మన దేశంలో అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాల్ కలుపుతున్నారు. చెరకు, ధాన్యాలు మొదలైనవాటినుంచి తీసే ఎథనాల్ తేమను పీలుస్తుంది. పాత టాంకు గోడలకు పట్టిన జిగురును కరిగించి జాలీ దాకా తెస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను కూడా పాడుచేస్తుంది. కనక పాత మోటారున్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి.

“మరి ఆ ఎర్రమడ్డి?” అన్నాను.

“తుప్పు,” అన్నాడు మా మిత్రుడు.

అంతవరకూ మాట్లాడకుండా చూస్తున్న మా మనవడు, “తాతగారూ, టాంకు ఇత్తడిది కదా! ఇత్తడికి తుప్పు పట్టదని మా సైన్సు పుస్తకంలో ఉన్నది. తుప్పు ఇనుముకే పడుతుంది. మరి ఇది ఎక్కడనుంచి వచ్చింది?” అన్నాడు.

మా మిత్రుడు నావైపు చూసి నవ్వాడు. నాకు అప్పుడు తెలిసింది. నేను పెట్రోలు పోసిన డబ్బా పాత ఇనుప డబ్బా! దానికి పక్కనే జాలీ ఉన్న గరాటు పెట్టి ఉన్నది. తొందరలో దాన్ని తీసుకోకుండా, డబ్బా అడుగున ఏమున్నదో చూడకుండా కుమ్మరించాను. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు శ్రద్ధ గురించి పాఠాలు చెప్పిన నేను, ఆ పూట ఒక నిమిషం శ్రద్ధ తప్పాను. మత్తడి దాకా తెచ్చింది ఆ ఒక్క నిమిషమే. “తప్పు నాదిరా, నాయనా,” అని మనవడి ముందు ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే చిన్నతనమేమీ లేదు.

ఇంకొక సంగతి కూడా ఆనాడు తెలిసింది. ఇటువంటి పాత మోటారుకు వేరే నూనె పోసే ఏర్పాటు లేదు. పెట్రోలులోనే నూనె కలుపుతారు. పాత సీగల్ మోటార్లకు పది లీటర్ల పెట్రోలుకు ఒక లీటరు నూనె లెక్క. పెట్రోలు సరిగా అందకపోతే నూనె కూడా అందదు. నూనె అందకపోతే లోపలి భాగాలు రాపిడికి కాలి పట్టేస్తాయి. కనక దగ్గుతున్న మోటారును బలవంతాన నడిపితే, చిన్న జాలీ కోసం పెద్ద ఇంజను పోగొట్టుకున్నవాళ్ళం అవుతాం.

ఆ తరవాత మా మిత్రుడు టాంకులో కొద్దిగా తాజా పెట్రోలు పోసి, కుదిపి, గుడ్డలో వడగట్టి చూశాడు. మూడోసారికి గుడ్డ మీద ఏమీ మిగలలేదు. కార్బురేటరు గిన్నె కూడా విప్పి తుడిచాడు. కాక్ బిగించేటప్పుడు పాత వాషరు పారేసి, రాణిగంజ్‌లో కొన్న కొత్త వాషరు వేశాడు. కాసేపు ఆగి ఎక్కడా కారటం లేదని చూసుకున్నాడు. మురికి పెట్రోలును మురుగు కాలవలో పోయలేదు. కాలవలు చివరకు చెరువుల్లోకే కదా పోతాయి! మూత బిగించి, పాత నూనె సేకరించేవారికి ఇవ్వటానికి పక్కన పెట్టాడు.

చివరకు నీరు నింపిన పెద్ద డ్రమ్ములో మోటారు పంకా ముంచి తాడు లాగాడు. ఒడ్డున పెట్టి ఉత్తగా నడపరాదు. ఇంజనును చల్లబరచేది ఆ నీరే. మోటారు గుర్రుమన్నది. వేగం పెంచాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు! దగ్గు లేదు. ఆపేటప్పుడు కాక్ కట్టేసి, కార్బురేటరులో మిగిలిన పెట్రోలు కాలిపోయేదాకా నడవనిచ్చాడు. ఇక అక్కడ జిగురు పట్టటానికి ఏమీ మిగలదు.

మీరు ఇంట్లో చేయదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. దీనికి పెట్రోలు అక్కరలేదు. ఒక టీ జాలీలో పలచని గుడ్డ ముక్క పరవండి. గ్లాసెడు మంచినీళ్ళు పోసి, దిగటానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసి రాయండి. తరవాత గ్లాసెడు నీటిలో రెండు చెంచాల రాగిపిండి కలిపి పోయండి. మళ్ళీ మంచినీళ్ళు పోసి సమయం రాయండి. ఎన్ని రెట్లు ఎక్కువ పట్టింది? ఇప్పుడు గుడ్డను పైవైపునుంచే కడిగి ఒకసారి, తిరగేసి వెనకనుంచి నీరు పోసి కడిగి ఒకసారి సమయం చూడండి. ఏది మేలో మీకే తెలుస్తుంది.

తరవాతి ఆదివారం మళ్ళీ అదే చెరువుకు పోయాం. డబ్బా కొత్తది, గరాటుకు జాలీ ఉన్నది. పెట్రోలు నేనే పోశాను. మా మనవడు పక్కన నిలబడి గరాటులోకి తొంగిచూస్తూ ఉన్నాడు. తరవాత వాడు మమ్మల్నెవరినీ అడగకుండానే వెళ్ళి, రెండు తెడ్లూ తెచ్చి పడవలో పెట్టాడు.